సర్జన్ సంగతి సరే, మత్తు డాక్టరెవరో అడిగారా?

కాస్మెటిక్ సర్జరీ సేఫేనా, ఎన్నాళ్లకు కోలుకుంటాం, ఇంట్లో చెప్పకుండా చేయించుకుని వచ్చేయొచ్చా అని అడిగారు. మూడింటికీ కలిపి నా జవాబు ఒకటే. ఆపరేషన్ అయిన రోజు అర్ధరాత్రి మీరు ఫోన్ చేస్తే ఎత్తే డాక్టర్ ఒకరుండాలి, మిమ్మల్ని కారెక్కించే మనిషి ఒకరు పక్కనుండాలి. ఈ రెండూ ఉంటే చేయించుకోండి. లేకపోతే వద్దు.

మా తమ్ముడిది గైనకోమాస్టియా, అంటే మగవాళ్లకి ఛాతీ పెరగడం. గుంటూరు ఎండల్లో కూడా వాడు షర్టు కింద రెండు బనియన్లు వేసుకుని తిరిగేవాడు. కృష్ణా పుష్కరాలకు ఇంటిల్లిపాదీ వెళ్తే వీడు మాత్రం జలుబని చెప్పి ఒడ్డున బట్టల సంచులకు కాపలా కూర్చున్నాడు. జిమ్ ట్రైనరేమో "అది కొవ్వే బ్రదర్, బెంచ్ ప్రెస్ కొట్టు, కరిగిపోద్ది" అని ఏళ్ల తరబడి కొట్టించాడు. లోపల గ్రంథి పెరిగితే అది ఏ ప్రెస్సుకీ కరగదు. పైగా జిమ్ముల్లో గుట్టుగా అమ్మే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల వల్ల కూడా ఇది వస్తుంది. టీనేజీ కుర్రాళ్లు మాత్రం కంగారు పడకండి, ఆ వయసులో వచ్చింది చాలామందికి రెండు మూడేళ్లలో దానంతటదే తగ్గుతుంది. హార్మోన్ పరీక్షలేమీ చేయించకుండా నేరుగా ఆపరేషన్ డేటు ఇచ్చేవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

పెళ్లి సంబంధాలు మొదలయ్యాక వాడు హైదరాబాద్‌లో నా దగ్గరికొచ్చి "అక్కా, ఇది తీయించేసుకుంటా, నాన్నకు చెప్పకు" అన్నాడు. క్లినిక్ వాడే వెతుక్కున్నాడు. అక్కడ ముందు కూర్చోబెట్టేది డాక్టర్ ఎదుట కాదు, కౌన్సెలర్ ఎదుట. ఆమె డాక్టర్ కాదు, నర్సూ కాదు, పని మాత్రం చీరల షాపులో సేల్స్ గర్ల్ పనే. నెలాఖరులోపు బుక్ చేస్తే డిస్కౌంటట, ఈఎంఐకి వడ్డీ లేదట, పొద్దున వస్తే సాయంత్రానికి ఇంటికట, సోమవారం ఆఫీసుకట. డబ్బు కట్టేదాకా రోజూ ఫోన్లు, గుడ్ మార్నింగ్ మెసేజీలు.

సర్జన్ సరైనవాడే, ఆ మాట కాదనను. జనరల్ సర్జరీ తర్వాత ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ అనే పై డిగ్రీ చేసినాయన. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కూడా నేనే చూశాను. మీరూ చూడండి. "కాస్మెటిక్ సర్జన్" అని బోర్డు ఎవరైనా రాయించుకోవచ్చు. ఎంసీహెచ్ గానీ, దానికి సమానమైన ప్లాస్టిక్ సర్జరీ డీఎన్‌బీ (ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ అంటున్నారు) గానీ ఉందా అన్నది అడగాలి. హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ల సంగతైతే మరీ అన్యాయం. యూట్యూబ్ చూసి నేర్చుకుంటే అది ట్రైనింగ్ కిందికి రాదని 2022లో జాతీయ వైద్య కమిషన్ గైడ్‌లైన్స్‌లో రాయాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎక్కడిదాకా వెళ్లిందో అర్థం చేసుకోండి.

ఆపరేషన్ పొద్దున వాడి బెడ్ దగ్గరికి మత్తు డాక్టర్ వచ్చారు. పెద్దాయన, మాట మెత్తన. ఆస్తమా ఉందా, గురక వస్తుందా, ఇంతకుముందు ఎప్పుడైనా మత్తిచ్చారా, ఇంట్లో ఎవరికైనా మత్తు పడక ఇబ్బందయిందా అని ఒక్కొక్కటీ అడిగారు. పొద్దున్నే ఏమైనా తీసుకున్నావా అంటే మావాడు "లేదు సార్, టీ కూడా తాగలేదు" అన్నాడు. పాలు కలిసిన టీ తిండి కిందే లెక్కట, ఆరు గంటలు ఆగాలట. మత్తులో ఉండగా కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుందని చెప్పారు. వెళ్తూ వెళ్తూ ఫైలు అట్ట మీద తన నంబర్ రాసి, "రాత్రి ఏదైనా తేడాగా అనిపిస్తే చేయమ్మా" అన్నారు. అదేదో మర్యాదకు అన్నమాట అనుకున్నాను.

సాయంత్రం ఇంటికొచ్చేశాం. బిగుతు వెస్ట్ వేసి పంపారు. వాడు కాస్త ఇడ్లీ తిని పడుకున్నాడు. పన్నెండు దాటాక లేపాడు.

"అక్కా, ఎడమ పక్క లాగేస్తోంది."

"కోసినచోట నొప్పి ఉండదేంట్రా?"

"రెండు పక్కలా కోశారు కదా, ఒక పక్కే ఎందుకు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. వెస్ట్ జిప్పు కాస్త దించి చూస్తే కుడిపక్క చదునుగా ఉంది, ఎడమపక్క ఉబ్బి చర్మం నిగనిగలాడుతోంది, వంకాయ రంగుకి తిరిగింది. ముట్టుకుంటే గట్టిగా ఉంది. కౌన్సెలర్‌కి ఫోన్ చేస్తే స్విచాఫ్. క్లినిక్ నంబర్‌కి చేస్తే వాచ్‌మన్ ఎత్తి "మేడం, పొద్దున తొమ్మిదింటికి తీస్తారు" అన్నాడు. డిశ్చార్జి కాగితం మీద ఎమర్జెన్సీ నంబర్ అని ఉన్నదీ అదే.

అప్పుడు ఫైలు అట్ట మీద నంబర్ గుర్తొచ్చింది. రెండో రింగుకే ఎత్తారు. ఒక పక్కేనా, చూస్తుండగా పెరుగుతోందా, కళ్లు తిరుగుతున్నాయా, ఇంతే అడిగారు. "చుక్క నీళ్లు కూడా పట్టకండి, బయల్దేరండి" అని తాను పనిచేసే ఇంకో ఆసుపత్రి పేరు చెప్పారు. మేం వెళ్లేసరికి థియేటర్ తెరిచి ఉంది, సర్జన్‌ని కూడా ఆయనే పిలిపించారు. లోపల చిన్న రక్తనాళం కారుతూ గడ్డకట్టింది. అదే కోత తెరిచి గడ్డ తీసి, కారేచోట మాడ్చి, ఈసారి డ్రెయిన్ పైపు పెట్టారు. ఇలా రక్తం చేరడం ఈ ఆపరేషన్‌లో కొందరికి మామూలుగానే జరుగుతుందట. అది సర్జన్ తప్పని నేననను. రాత్రి ఫోనెత్తే దిక్కు లేకపోవడం మాత్రం ముమ్మాటికీ ఆ క్లినిక్ తప్పే.

జిమ్ నొప్పులకని మావాడు వారం ముందు దాకా ఐబుప్రొఫెన్ మింగాడని తర్వాత బయటపడింది. కౌన్సెలర్ నింపిన ఫారంలో ఆ ప్రశ్నే లేదు. రక్తం ఆగకపోవడానికి అదే కారణమా అంటే డాక్టర్ అవుననలేదు, కాదనలేదు. నాకు మాత్రం ఆ అనుమానం పోలేదు. మీరు ఆస్పిరిన్, నొప్పి మాత్రలు, ఆయుర్వేదం గోలీలు, జిమ్ పౌడర్లు ఏది వాడుతున్నా దాచకుండా చెప్పండి. సిగరెట్ కూడా. పొగ తాగేవాళ్లకు కోత సరిగ్గా మానదు కాబట్టి కనీసం నాలుగు వారాల ముందే మానేయమంటారు.

ఇక కోలుకోవడం. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగమైతే వారం పది రోజుల్లో వెళ్లొచ్చు. సోమవారం ఆఫీసు అనేది కౌన్సెలర్ల క్యాలెండర్‌లోనే ఉంటుంది. వెస్ట్ నాలుగు నుంచి ఆరు వారాలు, జిమ్ కూడా అప్పటిదాకా బంద్. వాపు పూర్తిగా దిగి అసలు ఆకారం తేలడానికి మూడు నుంచి ఆరు నెలలు. ముక్కు సర్జరీకైతే ఏడాది పట్టొచ్చు. ఈలోగా రోజూ అద్దం ముందు నిలబడి సెల్ఫీలు పోల్చుకుంటే పిచ్చెక్కుతుంది. కొన్నాళ్లు తిమ్మిరి, చేతికి గట్టిగా తగలడం ఉంటాయి, తగ్గుతాయి. ఒక పక్కే వాపు పెరగడం, జ్వరం, ఒక పిక్కలో నొప్పీ వాపూ, ఆయాసం, వీటిలో ఏది వచ్చినా మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. పిక్కలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఆ ప్రమాదం కోత కంటే పెద్దది. అందుకే ఆపరేషన్ రోజు సాయంత్రమే లేపి నాలుగడుగులు వేయిస్తారు.

పత్యం గురించి కూడా చెప్పాలి, కడుపు మండిపోయి ఉన్నాను. మా పక్క ఫ్లాట్ ఆంటీకి సంగతి తెలిసి "పప్పు పెట్టకమ్మా, చీము పడుతుంది, గుడ్డు వేడి, వంకాయ దురద" అని అన్నీ మాన్పించి, వాడికి వారం పాటు బీరకాయ, కారప్పొడీ పెట్టించబోయింది. డాక్టర్ని అడిగితే నవ్వి, "గాయం మానేదే ప్రొటీన్‌తో, పప్పు రెండు పూటలా పెట్టండి" అన్నారు. షుగర్ ఉన్నవాళ్లు షుగర్ అదుపులో పెట్టుకుంటే చీము భయం సగం పోతుంది. ముద్దపప్పు ఏ పాపం చేసింది?

ప్రాణాలు పోవా అంటే, పోయిన సందర్భాలున్నాయి. 2015 జూన్‌లో ఆర్తీ అగర్వాల్ అమెరికాలో చనిపోయినప్పుడు, కొన్ని వారాల ముందే లైపోసక్షన్, అంటే ఒంట్లో కొవ్వు పైపుతో లాగేసే ఆపరేషన్, చేయించుకున్నారని పేపర్లన్నీ రాశాయి. 2022 మేలో బెంగళూరులో ఒక యువ కన్నడ టీవీ నటి కొవ్వు తీసే ఆపరేషన్ తర్వాత చనిపోయింది. మా అమ్మలాంటి వాళ్లు ఈ రెండూ చెప్పి అసలు ఆ మాటే ఎత్తొద్దంటారు. నేను అంతదూరం పోను. ఆరోగ్యంగా ఉన్న మనిషికి, మత్తు డాక్టరూ ఐసీయూ సౌకర్యమూ ఉన్నచోట, ఒకేసారి మూడు నాలుగు ఆపరేషన్లు కలిపి ప్యాకేజీ కొట్టకుండా చేస్తే భయం తక్కువే. లైపోసక్షన్‌లో ఒక్క సిట్టింగ్‌లో ఐదు లీటర్లకు మించి తీస్తామంటే, రాత్రి ఆసుపత్రిలోనే ఉంచుతారా అని ముందు అడగండి.

ఇంట్లో చెప్పకుండా అన్నారు కదా. మావాడి గుట్టు నెల కూడా దాగలేదు. నాన్న హైదరాబాద్ వచ్చినప్పుడు బాల్కనీ దండెం మీద ఆ వెస్ట్ ఆరుతోంది. "ఇదెవరిదిరా, ఆడవాళ్ల బాడీసులా ఉంది?" అన్నారు. ఇక చెప్పక తప్పలేదు. తిడతారనుకున్నాం. ఆయన వాణిజ్య పన్నుల శాఖలో రిటైరయ్యారు, ముందు బిల్లు చూపించమన్నారు. కాస్మెటిక్ సర్జరీకి ఆరోగ్య బీమా రాదు, మామూలు వైద్యానికున్న జీఎస్టీ మినహాయింపూ ఉండదు, 18 శాతం కట్టాల్సిందే. పుట్టుకతోనో ఎదుగుదలలోనో వచ్చిన లోపాలకో, ప్రమాదంలో దెబ్బతిన్నవాటికో చేస్తేనే మినహాయింపు. అదంతా ఆయనకు తెలుసు. కానీ ఆ బిల్లు మీద జీఎస్టీ వసూలు చేశారు, జీఎస్టీ నంబరే లేదు. కొడుకు ఛాతీ సంగతి ఆ పూటే మర్చిపోయారు. నంబర్ లేని కాగితం మీద పన్నెలా తీసుకున్నారని ఆ క్లినిక్ మీద ఇప్పటికీ కారాలు మిరియాలు నూరుతున్నారు.