ఇండియం ఫాస్ఫైడ్ క్వాంటం డాట్స్ మసకగా వెలుగుతున్నాయా? ముందు తేమ చూడండి

క్వాంటం డాట్స్ అంటే యూవీ పడితే రంగుల్లో వెలిగే నానోమీటర్ల సైజు స్ఫటికాలు. కోర్ (లోపలి ఇండియం ఫాస్ఫైడ్ గింజ) మీద జింక్ సల్ఫైడ్ షెల్ (పై పొర) వేశాక కూడా యూవీ టార్చ్ కింద మీ డాట్స్ మిణుకుమంటున్నాయంటే, తప్పు చాలావరకు షెల్‌ది కాదు, అంతకుముందే ఫ్లాస్కులో మిగిలిపోయిన నీటిది, అసిటిక్ ఆమ్లానిది.

1. కోర్ తయారీకి ఇండియం అసిటేట్, మిరిస్టిక్ ఆమ్లం 1:3 మోల్ నిష్పత్తిలో ఆక్టడీసీన్ అనే ద్రావణిలో కలిపి, 110-120 డిగ్రీల దగ్గర వాక్యూమ్‌లో ఉంచండి. ద్రవం తేటపడగానే చాలామంది వాక్యూమ్ ఆపి నైట్రోజన్ తిప్పేస్తారు, అక్కడే దెబ్బతింటారు. నీరు, అసిటిక్ ఆమ్లం పోయే బుడగలు పూర్తిగా ఆగి, వాక్యూమ్ గేజ్ ముల్లు కదలకుండా నిలిచేదాకా ఆగాలి. చెన్నై ఉక్కపోతలో మాకు రెండు గంటలు దాటుతుంది, ఇక ఈశాన్య రుతుపవనాల వానల్లో అయితే టీ తాగొచ్చినా ముల్లు ఇంకా ఊగుతూనే ఉంటుంది. తొందరపడితే మిగిలిన నీరు కోర్ మీద ఆక్సైడ్ పొర కట్టిస్తుంది, దాని మీద షెల్ సరిగా పట్టదు.

2. అప్పటికీ మసకగానే ఉంటే కోర్‌కి, షెల్‌కి మధ్యలో పలచగా జింక్ సెలినైడ్ వేయండి. కోర్‌తో లాటిస్ తేడా (స్ఫటికాల్లో పరమాణువుల అమరిక దూరాల్లో తేడా) దాదాపు 8 శాతం నుంచి మూడున్నరకి దిగుతుంది.

3. కడిగేటప్పుడు ఇథనాల్ గుమ్మరించకండి, లిగాండ్స్ (డాట్స్ ఉపరితలాన్ని కప్పి ఉంచే అణువులు) ఊడిపోతాయి. రెండుసార్లు చాలు.

అన్నట్టు, ఫాస్ఫరస్ కోసం కలిపే సిలైల్ ఫాస్ఫీన్ గాలి తగిలితే భగ్గుమంటుంది. గ్లవ్ బాక్స్ (గాలి చొరబడని పెట్టె) బయట సీసా మూత తీయొద్దు.