డాక్టర్ సలహా: చెద మందు కేటగిరీ సంగతి తర్వాత, ముందు వంటామెను ఆసుపత్రికి తీసుకెళ్లండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది మదనపల్లె. బెంగళూరు మారతహళ్లిలో ఆడపిల్లల పీజీ నడుపుతున్నాం. కింది అంతస్తులో తలుపులకు చెదలు పడితే మొన్న శనివారం క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ కొట్టించాం. మిగిలిన అర లీటరు మందును ఆ అబ్బాయి మంచినీళ్ల బాటిల్లో పోసిచ్చి, డబ్బా తీసుకెళ్లిపోయాడు. డబ్బా ఫోటో నా ఫోన్లో ఉంది. దాని మీద పసుపు గుర్తు, మంట బొమ్మ ఉన్నాయి. మా మేనల్లుడు నెట్‌లో సేఫ్టీ డేటా షీట్ చూస్తే అది ఘన పదార్థమని, మంట ప్రమాదం లేదని, నోటి ద్వారా విషం కేటగిరీ 3 అని ఉంది. ఒకే మందుకు రెండు రకాలుగా ఎందుకు రాశారు? కేటగిరీ 3 అంటే తక్కువ ప్రమాదమేనా? స్టోర్ రూంలో గ్యాస్ సిలిండర్ల దగ్గర పెట్టొచ్చా? ఇంకో మాట. ఆ రోజు నేల తుడిచిన మా వంటామెకు అప్పటి నుంచి తలనొప్పి, కళ్లు మసక, కడుపునొప్పి, నోట్లో నీళ్లూరడం ఉన్నాయి. మెడికల్ షాపులో ఇచ్చిన బిళ్లలతో కాస్త నయం. ఆమె నాలుగేళ్ల పాప కూడా ఇక్కడే తిరుగుతుంటుంది. దయచేసి చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అమ్మా, మీరు అడిగిన మూడు ప్రశ్నలకూ జవాబు చెబుతాను. కానీ నన్ను కంగారు పెట్టింది ఆ మూడూ కాదు, "ఇంకో మాట" అంటూ చివర్లో రాసిన సంగతి. మీ ఉత్తరం చదవగానే డెస్క్ వాళ్లతో మీకు ఫోన్ చేయించాను, ఆమెను వెంటనే క్యాజువాల్టీకి తీసుకెళ్లమని. ఇలాంటి ఇళ్లు, పీజీలు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి కాబట్టి మిగతా వాళ్ల కోసం కూడా వివరంగా రాస్తున్నాను.

తలనొప్పి ఒక్కటే ఉంటే మందు వాసనకో, నిద్ర లేకో వచ్చి ఉంటుందని అనుకోవచ్చు. తలనొప్పితో పాటు చూపు మసకబారడం, కడుపు మెలిపెట్టడం, నోట్లో నీళ్లూరడం, ఇవన్నీ మందు కొట్టిన రోజే, ఆ నేల తుడిచిన మనిషికే మొదలైతే ఏ డాక్టరైనా ముందు ఆ మందునే అనుమానించాలి. మన నరాల చివర్లో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం పుడుతుంది. దాని పని అయిపోగానే ఒక ఎంజైమ్ దాన్ని విరగ్గొట్టేస్తుంది. క్లోర్‌పైరిఫాస్ ఆ ఎంజైమ్‌నే పట్టుకుని కూర్చుంటుంది. ఇక కుళాయి కట్టేసే వాళ్లుండరు. చెమట, కన్నీళ్లు, ఉమ్మి, విరేచనాలు అన్నీ ఎక్కువవుతాయి. కంటిపాప గుండుసూది మొనంత అయిపోతుంది, చూపు మసకబారేది అందుకే. మనిషిని చూడకుండా ఇదే జబ్బని నేను తేల్చి చెప్పలేను. కలుషిత ఆహారం కావచ్చు, మైగ్రేన్ కావచ్చు. పరీక్ష చేసి ఆ మాట చెప్పాల్సింది అక్కడున్న డాక్టరు. మెడికల్ షాపు చెప్పకూడదు.

ఆ బిళ్లల గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. కడుపునొప్పి అంటే షాపులో ఎక్కువగా ఇచ్చేది డైసైక్లోమిన్ ఉన్న బిళ్ల. అది కడుపు మెలితిప్పడాన్ని తగ్గిస్తుంది, నోరు ఆరేలా చేస్తుంది. అంటే ఈ విషం ఇచ్చే సంకేతాల్లో కొన్నింటిని కప్పేస్తుంది. మీకు నయమైనట్టు కనిపిస్తుంది, ఎంజైమ్ మాత్రం ఇంకా విషం గుప్పిట్లోనే ఉంటుంది. పైగా క్లోర్‌పైరిఫాస్ కొవ్వులో కరిగే మందు. ఒంట్లోకి వెళ్లాక కాలేయంలో మారి, ఆ తర్వాత గానీ పూర్తి విషం కాదు. అందుకే దీని లక్షణాలు ఆలస్యంగా రావచ్చు, తగ్గాయనుకున్నాక మళ్లీ రావచ్చు. ఈ జాతి మందులు ఒంట్లోకి ఎక్కువ మోతాదులో వెళ్లిన కొందరిలో ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ కండరాలు, ఊపిరి కండరాలు నీరసిస్తాయి. చర్మం ద్వారా కొద్దిగా వెళ్లిన వాళ్లలో ఇది అరుదు. అయినా ఆమె దిండు మీద నుంచి తల ఎత్తలేకపోయినా, ఆయాసపడినా, కండరాలు అదురుతున్నా ఆటో కోసం చూడకండి, 108కి ఫోన్ చేయండి. మూడు రోజులు బిళ్లలతో నెట్టుకొచ్చారు. ఇంకో పూట కూడా వద్దు. ఖర్చుకు భయపడి ఆమె వెనకాడుతుంది. బిల్లు మీరు కడతారన్న మాట ముందుగా మీ నోటి నుంచే రావాలి.

క్యాజువాల్టీలో కంటిపాపలు, నాడి, ఊపిరితిత్తులు చూస్తారు. రక్తంలో కోలినెస్టరేజ్ (ఇందాక చెప్పిన ఎంజైమ్) పరీక్ష చేస్తారు. దాని నార్మల్ పరిధి మనిషికీ మనిషికీ చాలా తేడాగా ఉంటుంది కాబట్టి, రిపోర్టు నార్మల్ అని రాగానే ఇంటికొచ్చేయకండి, డాక్టరు పంపిస్తేనే రండి. అవసరమైతే అట్రోపిన్, పీఏఎం అనే విరుగుడు మందులు ఇస్తారు. వేసుకున్న బిళ్లల అట్టలు తప్పకుండా చూపించండి. మీ ఫోన్లో ఉన్న డబ్బా ఫోటో కూడా.

ఆ ఫోటోను ఎందుకు ఇంతగా పట్టుకున్నానంటే, గుంటూరులో నా హౌస్ సర్జన్సీ రోజుల్లో ఒక రాత్రి ఇంటర్ చదివే కుర్రాణ్ని తెచ్చారు. ఒళ్లంతా కొట్టుకుంటూ ఫిట్స్. వాళ్లన్న చేతిలో కూల్ డ్రింక్ సీసా, అడుగున గోధుమరంగు మందు. పేరు లేదు, చీటీ లేదు. "ఏం మందు బాబూ" అంటే "పత్తి మందు సార్" అన్నాడు. పత్తికి ఎన్ని రకాల మందులు కొడతారో ఆ జిల్లాల్లో పుట్టిన వాళ్లకు చెప్పనక్కర్లేదు. అలవాటుగా అట్రోపిన్ మొదలుపెట్టాం. కంటిపాపలు చూస్తే చిన్నవి కావు, ఫిట్స్ ఆగడం లేదు. తెల్లవారాక వాళ్ల నాన్న పొలం నుంచి డబ్బా తెచ్చాడు, చూస్తే ఎండోసల్ఫాన్. దానికి విరుగుడు లేదు, ఫిట్స్ ఆపుతూ ఊపిరి కాపాడుకోవాలి. పిల్లాడు బతికాడు. పేరు తెలియక పోయిన ఆ నాలుగు గంటలు మాత్రం నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

మీ మందు పేరులో కూడా "క్లోర్" ఉంది, దాని అణువులో మూడు క్లోరిన్ పరమాణువులూ ఉన్నాయి. కానీ అది ఎండోసల్ఫాన్, లిండేన్‌ల కుటుంబం కాదు. అది ఆర్గానోఫాస్ఫేట్, అంటే భాస్వరం ఉన్న పురుగుమందుల జాతి. ఎండోసల్ఫాన్ అయితే ఫిట్స్‌తో పోరాటం, ఇదైతే అట్రోపిన్. ఏది చేయాలో చెప్పేది డబ్బా మీది చీటీ. అలాంటి చీటీ ఉన్న డబ్బాను పంపించేసి, మందును మంచినీళ్ల బాటిల్లో పోయించుకున్నారు. తల్లీ, అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఇదే.

లెక్క చూడండి. 20 ఈసీ అంటే లీటరుకు 200 గ్రాముల అసలు విషం. ఒక చెంచాలో, అంటే 5 మిల్లీలీటర్లలో, 1 గ్రాము. నాలుగేళ్ల పాప 12 కిలోలు ఉందనుకుంటే ఆ ఒక్క చెంచాతో కిలో బరువుకు 80 మిల్లీగ్రాములు దాటుతుంది. ఈ లెక్క గుర్తుపెట్టుకుని మీ కేటగిరీ ప్రశ్నకు రండి.

అంకెలు వేసే ఈ పద్ధతిని జీహెచ్‌ఎస్ అంటారు, చాలా దేశాలు వాడతాయి. ఇందులో అంకె చిన్నదయ్యే కొద్దీ ప్రమాదం పెద్దది. కేటగిరీ 1 అన్నిటికంటే చెడ్డది. నోటి ద్వారా కేటగిరీ 3 అంటే కిలో బరువుకు 50 నుంచి 300 మిల్లీగ్రాముల మధ్య మోతాదు ప్రయోగశాల జంతువుల్లో సగం వాటిని చంపుతుందని అర్థం. పాప ఒక చెంచా లెక్క ఎక్కడ పడిందో చూశారు కదా. మన దేశంలో డబ్బా మీది రంగు గుర్తుకు వేరే కొలత ఉంది. 1971 నాటి ఇన్సెక్టిసైడ్స్ రూల్స్ ప్రకారం ఎరుపు అన్నిటికంటే ఎక్కువ విషం, 50 మిల్లీగ్రాముల వరకు. ఆ తర్వాతది పసుపు, 51 నుంచి 500. దాని తర్వాత నీలం, చివరగా ఆకుపచ్చ. ప్రపంచ ఆరోగ్య సంస్థ మళ్లీ ఇంకో వరుస పెట్టింది, అందులో ఇది రెండో తరగతి. ఒకే మందుకు ఒక చోట 3, ఒక చోట 2, ఒక చోట పసుపు కనిపించేది ఇందుకే. ఇవి మూడు వేర్వేరు కొలబద్దలు. ఒకదాని అంకె ఇంకోదానితో పోల్చి "తక్కువే" అనుకోకూడదు. పైగా ఈ అంకెలు ఒక్కసారి మింగితే చంపే మోతాదు గురించి మాత్రమే. రోజూ కొంచెం కొంచెం చర్మం మీద పడితే ఏమవుతుందో వాటిలో ఉండదు.

షీట్‌కూ డబ్బాకూ తేడా ఎందుకంటే, మీ మేనల్లుడు తీసింది అసలు పదార్థానిది, టెక్నికల్ గ్రేడ్ అంటారు. స్వచ్ఛమైన క్లోర్‌పైరిఫాస్ తెల్లటి పలుకులు, సుమారు 42 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మీ బాటిల్లో ఉన్నది ఆ పలుకులను పెట్రోలియం జాతి ద్రావకంలో కరిగించి, నీళ్లలో కలిసేలా తయారుచేసిన ద్రవం. డబ్బా మీద మంట బొమ్మ వచ్చింది ఆ ద్రావకం వల్ల. షీటూ అబద్ధం కాదు, డబ్బా కూడా అబద్ధం కాదు. మీరు నమ్మాల్సింది మాత్రం డబ్బానే, మీ ఇంట్లో ఉన్నది ఆ డబ్బాలోని సరుకే కనుక. అది చర్మం లోపలికి త్వరగా దిగడానికి కూడా ఆ ద్రావకమే తోడవుతుంది.

గ్యాస్ సిలిండర్ల దగ్గర ససేమిరా పెట్టకండి. దాని ఆవిరికి నిప్పురవ్వ తగిలితే అంటుకోవచ్చు. మంటల్లో పడితే క్లోరిన్ భాగం హైడ్రోజన్ క్లోరైడ్‌గా, గంధకం సల్ఫర్ డయాక్సైడ్‌గా మారి ఊపిరి సలపనివ్వవు. అసలు వంటింటి దరిదాపుల్లోనే ఉండకూడదు.

మరి ఆ బాటిల్‌ను ఏం చేయాలి? ఇంకో సీసాలోకి పోయకండి. గ్లోవ్స్ వేసుకుని, బాటిల్ చుట్టూ టేపు వేసి "విషం, క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ" అని తెలుగు, కన్నడ, ఇంగ్లీషు మూడింట్లోనూ రాయండి. మీ పీజీలో పిల్లలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఉంటారు. దాన్ని మూత ఉన్న బకెట్లో పెట్టి, తాళం వేసి, కొట్టిన వాళ్లను పిలిచి వాళ్లకే అప్పగించండి. వాళ్లకు లైసెన్స్ ఉందో లేదో కూడా అడగండి. ఉన్నవాళ్లు మందును మంచినీళ్ల బాటిల్లో పోసివ్వకూడదని తెలిసే ఉంటారు. సింక్‌లోనో, డ్రైనేజీలోనో పారబోయకండి. నీటి జీవులకు ఇది అదే జీహెచ్‌ఎస్‌లో కేటగిరీ 1, ఇక్కడి కాలువలు చివరికి చేరేది చెరువులకే.

ఎవరి మీదైనా ఈ మందు పడితే తడిసిన బట్టలు విప్పేసి, సబ్బుతో ధారగా నీళ్లు పోసి కడగండి. మింగితే వాంతి చేయించకండి, ద్రావకం ఊపిరితిత్తుల్లోకి వెళ్తే అది ఇంకో ఆపద. పాలు, నెయ్యి, ఆముదం పట్టించకండి. మన ఇళ్లలో పెద్దవాళ్లు మంచి మనసుతోనే ఆ పని చేస్తారు. కానీ ఇది కొవ్వులో కరిగే మందు, వాటితో మేలు జరగదు.

పాప సంగతి. పిల్లలు నేలకు దగ్గరగా ఉంటారు, చేతులు నోట్లో పెట్టుకుంటారు. అమెరికాలో ఇళ్లలో దీని వాడకాన్ని దాదాపు పూర్తిగా ఆపాలని 2000లోనే నిర్ణయించారు. యూరప్ 2020లో అనుమతి పొడిగించలేదు. 2025లో ప్రమాదకర రసాయనాలను ఆపడానికి దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాలో కూడా, కొన్ని మినహాయింపులతో, చేర్చారు. పెరిగే పిల్లల మెదడు మీద ప్రభావం గురించిన భయం ఈ నిర్ణయాల వెనక ఉంది. మన దగ్గర చెదలకు ఇంకా వాడుతున్నారు. ఒకసారి కొట్టినంత మాత్రాన పాపకు ఏదో అయిపోతుందని నేను అనడం లేదు, టెన్షన్ పడకండి. అమ్మతో పాటు పాపను కూడా ఒకసారి డాక్టరుకు చూపించండి. కిటికీలు తెరిచి, గ్లోవ్స్‌తో, సబ్బు నీళ్లతో నేలను ఇంకో రెండుసార్లు తుడిపించండి. ఈసారి వంటామెతో కాదు. ఇంకెప్పుడైనా చెదలు పడితే ద్రవం కొట్టకుండా ఎర పెట్టే పద్ధతి ఉందేమో కూడా అడగండి.

ఇంకొకటి. శనివారం నేల తుడిచేటప్పుడు ఆమె చీర అంచు తడిసే ఉంటుంది, ఆ చీరతోనే రాత్రి దాకా వంట చేసి ఉంటుంది. అది ఇంకా ఉతక్కుండా బుట్టలో ఉంటే మిగతా బట్టలతో కలపకుండా కవర్లో కట్టి పారేయండి. బదులుగా ఆమెకు ఒక చీర కొనివ్వండి.