ఆగుంబె నుంచి పిట్టల గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం తీరిగ్గా చదివాను. కర్ణాటక పడమటి కనుమల్లో, ఆగుంబె పక్కన వక్కతోటలో ఇల్లు, పెరడు దాటితే వానల అడవి. అలాంటి చోట ఉంటూ తెలుగులో రాసేవాళ్లు అరుదు, అందుకే కాస్త గట్టిగానే చెబుతున్నా. వ్యాసం నిండా నీ మనసే ఉంది, పిట్టలు లేవు. "ఏదో పక్షి కూసింది, మనసు ఎటో వెళ్లిపోయింది" అన్నావు. ఏ పక్షి? ఎక్కడ వాలింది, ఏం చేస్తోంది?

ఏడాదికి 7,000 మిల్లీమీటర్లు దాటి వాన పడే ఊరు నీది. హైదరాబాద్‌లో 800 పడితే మంచి వానలే అనుకుంటాం. అంత వానకు పెరిగిన అడవిలో పిట్ట ముందు వినపడుతుంది, కనపడటం తర్వాత సంగతి, కాబట్టి చెవితో మొదలుపెట్టు. తెల్లవారుజామున వాగు దగ్గర ఎవరో కుర్రాడు వరసలేకుండా తోచినట్టు ఈల వేసుకుంటూ పోతున్నట్టు వినిపిస్తుందే, అది మలబార్ విజిలింగ్ థ్రష్. నీడలో నల్లగా కనిపిస్తుంది, వెలుతురు పడితే నుదురూ భుజాలూ నీలంగా మెరుస్తాయి. ఆ మెరుపు కంటబడేదాకా కూర్చో.

తోటలో చాలాసేపు చడీచప్పుడూ ఉండదు, ఉన్నట్టుండి మినివెట్లు, వడ్రంగిపిట్టలు, బ్యాబ్లర్లు అన్నీ కలిసి వచ్చిపడతాయి. వాటితోపాటే బ్యాడ్మింటన్ రాకెట్ లాంటి తోకున్న డ్రోంగో కూడా వస్తుంది. తోక నుంచి రెండు పొడవాటి కాడలు, కొసన మాత్రమే ఈక. మన ఊళ్లో గేదెల మీద వాలే పసుల పోలిగాడికి దగ్గర చుట్టం. మిగతావి ఆకులు కదిపితే లేచిన పురుగుల్ని గాల్లోనే పట్టేస్తుంది. పక్క పిట్టల కూతలు అచ్చం దింపేస్తుంది కూడా, కాబట్టి కూత విని పేరు రాసేయకు, చూశాకే రాయి. తెలుగు పేరు లేకపోతే అక్కడివాళ్లు పిలిచే కన్నడ పేరే వాడు, సిగ్గేం లేదు.

మేడిపండు ముక్కున పట్టుకుని తొర్ర ముందు వాలిన ఆ పెద్ద వంకర ముక్కు పిట్ట హార్న్‌బిల్ గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశావేంటయ్యా! వ్యాసమంతా అక్కడే ఉంది. తొర్ర తొలుచుకోవడం దానికి చేతకాదు, పెద్ద పాత చెట్టు దొరకాల్సిందే. ఆడది లోపల దూరి, రెట్టతో, తిండి మిగుళ్లతో ద్వారం పూడ్చేసుకుని, ముక్కు పట్టేంత సందు మాత్రం ఉంచుకుంటుంది. వారాల తరబడి తిండికి మగదే దిక్కు. గొంతులో దాచుకొచ్చిన పళ్లు ఒక్కొక్కటే పైకి తీసి అందిస్తుంది. ఎటునుంచి వచ్చింది, వాలేముందు ఎంతసేపు చుట్టూ చూసింది, కింద ఏ గింజలు పడ్డాయి, ఇవి రాయి. నీ దిగులు సంగతి పాఠకుడికి దానంతట అదే అందుతుంది.

చూసేది మాత్రం దూరం నుంచే. ఫొటో కోసం చెట్టు కిందికి వెళ్లకు, ఫోన్‌లో కూత పెట్టి పిలవకు. మగది బెదిరి రాకపోతే లోపల తల్లీ పిల్లలూ పస్తే. ఈ మాట నువ్వు వినకపోతే వ్యాసం ఎంత బాగున్నా నేను చదవను.

"మనోహరమైన", "అద్భుతమైన" అన్నవి కొట్టేసి, తొర్ర దగ్గర మొదలుపెట్టి తిరగరాయి. వానలు పడితే మీకు రోజుల తరబడి కరెంటు ఉండదన్నావుగా, జూన్‌లోపే పంపు.

మీ అన్న