మ్యూనిక్‌లో తాళాలు, ఐర్వింగ్‌లో వాయిదాలు

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఐర్వింగ్‌లో ఉంటున్నాము. నా వయసు 41. నేను, నా భార్య ఇద్దరం హెచ్1బి (అమెరికా ఉద్యోగ వీసా) మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నాము. ఇప్పుడు 401కె అనే పదవీ విరమణ పొదుపు ఖాతాలో వేస్తున్నది పోగా ఇద్దరి ఆదాయం కలిపి ఏడాదికి 2,30,000 డాలర్లు. బ్యాంకులో 55,000 ఉన్నాయి. ఇద్దరు పిల్లలతో నెల ఖర్చు 6,500 దాకా అవుతుంది. 2014లో నా సహోద్యోగి ఒకాయన తన బీఎండబ్ల్యూ కారును మ్యూనిక్‌లోనే అందుకుని, కుటుంబంతో యూరప్ తిరిగి, తర్వాత ఓడలో తెప్పించుకున్నారు. డిస్కౌంటులోనే విమానం టికెట్లు వచ్చేశాయని ఇప్పటికీ చెబుతుంటారు. నేనూ వచ్చే వేసవిలో 5 సిరీస్ కారును అలాగే తీసుకోవాలనుకుంటున్నాను. ఇక్కడ దాని ధర సుమారు 65,000 డాలర్లు. 15,000 చేతినుంచి పెట్టి 50,000 అయిదేళ్ళ అప్పు తీసుకుందామని ఆలోచన. జర్మనీలోని ఏజెంటు ఒకడు 58,000 యూరోలకే ఇప్పిస్తానని, అందులో 19 శాతం పన్ను వెనక్కి వస్తుందని చెప్పి, ముందుగా 3,000 యూరోలు పంపమంటున్నాడు. అయిదేళ్ళ తర్వాత హైదరాబాద్ వచ్చేస్తాము. కారును వెంట తెచ్చుకోవచ్చా? ఉద్యోగం మారాక నా భార్యకు వీసా స్టాంపింగ్, అంటే పాస్‌పోర్టులో కొత్త వీసా ముద్ర, ఇంకా కాలేదు. ఆ విషయం కూడా చూడాలా?
– ఒక పాఠకుడు, ఐర్వింగ్

జవాబు: ముందు ఆ 3,000 యూరోలు పంపకండి. మిగతావి తీరిగ్గా మాట్లాడుకుందాం.

మీ సహోద్యోగి చెప్పింది నిజమే. ఆ రోజుల్లో అమెరికాలోని డీలరు దగ్గరే ఆర్డరు పెట్టి, అమెరికా ప్రమాణాల ప్రకారం యూరప్ ఫ్యాక్టరీలో తయారైన కారును అక్కడికే వెళ్ళి అందుకునే పథకాన్ని జర్మన్ కంపెనీలే నడిపేవి. బీఎండబ్ల్యూ వారు మ్యూనిక్‌లో, మెర్సిడెస్ వారు జిండెల్‌ఫింగెన్‌లో తాళాలు ఇచ్చేవారు. మాడల్‌ను బట్టి ధరలో 5 నుంచి 7 శాతం తగ్గేది. 55,000 డాలర్ల కారు మీద అది 2,750 నుంచి 3,850 వరకు ఉంటుంది కనుక, దంపతులిద్దరి టికెట్ల లెక్క సరిపోయేది. 2007లో తెరిచిన బీఎండబ్ల్యూ వెల్ట్ భవనంలో మెట్లు దిగి వస్తుంటే, కింద గుండ్రటి వేదిక మీద మన కారు మెల్లగా తిరుగుతూ కనిపించేది. దానికి గడువు తేదీ ముద్రించిన ఎర్రపట్టీ ఉన్న తాత్కాలిక నంబరు ప్లేటు, రెండు వారాల బీమా పథకంలో భాగంగానే వచ్చేవి. తిరిగినంత తిరిగి, నిర్ణీత స్థలంలో కారును అప్పగిస్తే అది ఓడెక్కి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఇంటి దగ్గరి డీలరుకు చేరేది. అమ్మకపు పన్ను మాత్రం సొంత రాష్ట్రంలో మామూలుగానే కట్టాలి.

2012లో నా దగ్గరికి వచ్చిన ఒక దంపతులు ఇలా కారు తెచ్చుకున్నాక, అసలు ఎంత మిగిలిందో చూడమని రసీదులన్నీ ఒక సంచిలో పోసుకుని తెచ్చారు. స్విట్జర్లాండ్‌లో 40 ఫ్రాంకుల రహదారి స్టిక్కరు దగ్గర నుంచి చివరి రాత్రి హోటలు దాకా అన్నీ ఉన్నాయి. వారు గమనించనివి రెండు. అప్పు వాయిదాలు మ్యూనిక్‌లో తాళాలు అందుకున్న రోజు నుంచే మొదలయ్యాయి కాబట్టి, కారు సముద్రంలో ఉన్న కాలానికి కూడా రెండు వాయిదాలు కట్టారు. ఇటలీలో ఒక పాత ఊరి నడిబొడ్డున, స్థానికుల బండ్లకు మాత్రమే అనుమతి ఉన్న వీధుల్లోకి తెలియక రెండుసార్లు వెళ్ళినందుకు పది నెలల తర్వాత జరిమానా కాగితాలు ఇంటికి వచ్చాయి. ఇవన్నీ తీసేశాక కూడా కొంత మిగిలింది. ఆ కొంత మిగలడానికి కారణం కంపెనీ ఇచ్చిన తగ్గింపు ఒక్కటే.

ఆ తగ్గింపు ఇప్పుడు లేదు. బీఎండబ్ల్యూ 2020లో అమెరికా కొనుగోలుదారులకు ఈ పథకాన్ని ఎత్తివేసింది. అందువల్ల మీ సహోద్యోగి కొన్నదీ, మీ ఏజెంటు అమ్మజూపుతున్నదీ ఒకే ఊరి పేరు చెప్పుకుంటున్న రెండు వేర్వేరు సరుకులు. ఏజెంటు ఇచ్చేది యూరప్ ప్రమాణాల కారు. 25 ఏళ్ళు నిండని కారు అమెరికాలోకి రావాలంటే అది ఇక్కడి భద్రతా ప్రమాణాల ప్రకారం తయారైనట్టు తయారీదారు అతికించిన లేబుల్ ఉండాలి. మీ పాత కారు డ్రైవరు తలుపు తెరిచి చూడండి, తలుపు మూసుకునే చోట స్తంభం మీద ఆ లేబుల్ కనిపిస్తుంది. పొగ ప్రమాణాలకు సంబంధించిన లేబుల్ బానెట్ కింద వేరే ఉంటుంది. ఇవి లేని కారును తేవాలంటే ప్రభుత్వ గుర్తింపు పొందిన దిగుమతిదారు ద్వారా, కారు విలువకు ఒకటిన్నర రెట్లు బాండు (పూచీకత్తు) పెట్టి, మార్పులు చేయించి, పరీక్షలు నెగ్గించాలి. వాడుకకు కొనే 5 సిరీస్ కోసం ఎవరూ పడాల్సిన అవస్థ కాదది.

పన్ను వాపసు మాట కూడా సగం నిజమే. జర్మనీ ధరలో 19 శాతం విలువ ఆధారిత పన్ను కలిసే ఉంటుంది. యూరోపియన్ యూనియన్ బయటికి ఎగుమతి చేసినట్టు రుజువు చూపితే అది తిరిగి వస్తుంది. 58,000 యూరోల్లో ఆ పన్ను దాదాపు 9,260. అయితే కారు అమెరికా రేవులో దిగగానే సుంకం పడుతుంది. చాలా ఏళ్ళు 2.5 శాతంగా ఉన్న ఈ సుంకానికి 2025 ఏప్రిల్‌లో మరో 25 శాతం తోడైంది. యూరప్‌తో కుదిరిన ఒప్పందం వల్ల ఆ ఏడాది ఆగస్టు నుంచి మొత్తం 15 శాతానికి దిగింది. పన్ను తీసేసిన 48,740 యూరోల మీద 15 శాతమంటే దాదాపు 7,310 యూరోలు. కుడి చేతికి వచ్చింది ఎడమ చేతిలోంచి పోయింది. ఓడ ఖర్చు, బాండు, మార్పుల ఖర్చు ఇంకా లెక్కలోకి రానే లేదు. ఏజెంటు మీకు మొదటి అంకె ఒక్కటే చెప్పాడు.

కాబట్టి కొనడమంటూ జరిగితే ఇక్కడి డీలరు దగ్గరే కొనాలి. ఇక్కడ మీరు అడగని ఒక విషయం చెప్పాలి. అమెరికాలో తుది కూర్పు జరిగిన కొత్త కారును సొంత వాడకానికి అప్పు మీద కొంటే, 2025 నుంచి 2028 వరకు ఏడాదికి 10,000 డాలర్ల దాకా వడ్డీని ఆదాయంలోంచి మినహాయించుకోవచ్చు. లీజుకు ఇది వర్తించదు. 5 సిరీస్ జర్మనీలోని డింగోల్‌ఫింగ్‌లో తయారవుతుంది కాబట్టి దానికీ వర్తించదు. దక్షిణ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్‌లో తయారయ్యే బీఎండబ్ల్యూ ఎక్స్5కు వర్తిస్తుంది. మ్యూనిక్ వాసన కోసం 3 సిరీస్ వైపు చూసేవారికి ఒక మాట: ఇక్కడ అమ్ముడయ్యే ఆ సిరీస్ మాడల్ 330ఐ చాలాకాలంగా మెక్సికో నుంచి వస్తోంది. ముందు అద్దం మూలన కనిపించే విన్ నంబరు, అంటే కారు గుర్తింపు సంఖ్య, మొదటి అక్షరం డబ్ల్యూ అయితే జర్మనీ, 3 అయితే మెక్సికో, 1, 4, 5 అయితే అమెరికా.

ఈ మినహాయింపు చూసి ఎక్స్5 కొనమని నేను చెప్పడం లేదు. దంపతుల ఉమ్మడి ఆదాయం 2,00,000 డాలర్లు దాటితే, దాటిన ప్రతి వెయ్యికీ మినహాయింపులో 200 కోసేస్తారు. మీరు 30,000 ఎక్కువలో ఉన్నారు కాబట్టి కోత 6,000. అదీ 10,000 గరిష్ఠ పరిమితిలోంచి కాదు, మీరు నిజంగా కట్టిన వడ్డీలోంచి. 50,000 అప్పు మీద 6.5 శాతం చొప్పున మొదటి ఏడాది వడ్డీ దాదాపు 3,000 అవుతుంది. అందులోంచి 6,000 కోస్తే మిగిలేది సున్న. డీలరు దగ్గర ఫైనాన్స్ చూసే ఆయన ఈ సంగతి చెప్పకపోవచ్చు. అదే మీరిద్దరూ 401కెలో చెరో 15,000 అదనంగా పన్నుకు ముందే వేస్తే లెక్కలోకి వచ్చే ఆదాయం సరిగ్గా 2,00,000కు దిగుతుంది, ఆ 3,000 మొత్తం మినహాయింపు అవుతుంది. దానివల్ల 22 శాతం చొప్పున 660 డాలర్లు మిగులుతాయి. కాని 401కెలో వేసిన 30,000 మీదే ఆ ఏడాదికి 6,600 డాలర్ల పన్ను వాయిదా పడుతుంది. కారు పేరుతో మొదలైన వెతుకులాటలో దొరికిన పెద్ద మొత్తం ఇదే, దీనికి కారు కొనాల్సిన పని కూడా లేదు. వార్షిక పరిమితిలో మీకు ఇంకా ఎంత చోటు ఉందో పే స్లిప్‌లో చూసుకోండి.

ఇప్పుడు స్తోమత సంగతి. హెచ్1బి మీద ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల వ్యవధి ఉంటుంది. మీలో ఒకరి ఉద్యోగం నిలిచి ఉంటే రెండోవారు హెచ్4కు, అంటే జీవిత భాగస్వామి వీసాకు, మారవచ్చు, అయితే హెచ్4 మీద అందరికీ పనిచేసే అనుమతి రాదు. అందుకే ఆరు నెలల ఖర్చు, అంటే 39,000 డాలర్లు, ముట్టుకోకూడని డబ్బు అని నా అభిప్రాయం. మిగిలేది 16,000. మీ లెక్కలో 15,000, 50,000 కలిసి కారు ధర వరకే సరిపోయాయి. టెక్సస్ 6.25 శాతం అమ్మకపు పన్ను, అంటే మరో 4,060 డాలర్లు, మీరు మరచిపోయారు. యూరప్ ప్రయాణం డిస్కౌంటులో వస్తుందనుకున్నారు, ఆ డిస్కౌంటు లేదని పైన చూశాం.

నేనైతే అప్పును మూడేళ్ళకు, 35,000కు కుదిస్తాను. దానికి మీ 16,000 కలిపితే పన్ను పోను 47,500 డాలర్ల కారు వస్తుంది. అది కొత్త 3 సిరీస్ ప్రారంభ ధర దరిదాపుల్లోదే, లేదా కంపెనీ హామీతో అమ్మే రెండు మూడేళ్ళ పాత 5 సిరీస్. నెల వాయిదా 1,073 డాలర్లు. మీరనుకున్న అప్పుకు 978 అయ్యేది. నెలకు 95 ఎక్కువ కట్టినందుకు మొత్తం వడ్డీ 8,700 నుంచి 3,600కు దిగుతుంది, పైగా హైదరాబాద్ వెళ్ళేముందు రెండేళ్ళు వాయిదా లేని నెలలు మీ చేతిలో ఉంటాయి. ఫ్యాక్టరీ పక్కన తాళాలు అందుకోవాలన్న సరదా తీరకపోతే, స్పార్టన్‌బర్గ్‌లోని బీఎండబ్ల్యూ పర్ఫార్మెన్స్ సెంటర్‌లో కారును అందుకునే ఏర్పాటు గురించి ఆర్డరు పెట్టకముందే డీలరును అడగండి. ఐర్వింగ్ నుంచి దాదాపు వెయ్యి మైళ్ళు. కొత్త కారును ఇంటికి నడుపుకొచ్చే దారి పిల్లలకు గుర్తుండిపోతుంది.

హైదరాబాద్‌కు ఈ కారు రాదు. భారతదేశంలోకి తెచ్చే పాత కారుకు స్టీరింగ్ కుడివైపు ఉండాలి, తయారై మూడేళ్ళు దాటకూడదు. మీది రెండింటిలోనూ తప్పుతుంది కనుక సుంకం లెక్క వేయాల్సిన అవసరమే రాదు. వెళ్ళేముందు ఇక్కడే అమ్ముతారు. ఈ తరగతి కారు అయిదేళ్ళలో ధరలో సగం పోగొట్టుకోవడం మామూలే. 65,000 పెట్టినా 47,500 పెట్టినా సగం పోతుంది, పోయే సగం ఏది కావాలో మీరే తేల్చుకోవాలి.

ఇక మ్యూనిక్. వెళ్ళండి, కాని కారు బడ్జెట్‌లో కలపకండి. బీఎండబ్ల్యూ వెల్ట్‌లోకి ప్రవేశం ఉచితం. కావాలంటే విమానాశ్రయంలోనే 5 సిరీస్ అద్దెకు తీసుకుని వారం రోజులు ఆల్ప్స్ దారుల్లో తిప్పవచ్చు. మీ నలుగురివీ భారత పాస్‌పోర్టులైతే అందరికీ షెంగెన్ వీసా, అంటే యూరప్ దేశాల ఉమ్మడి వీసా, కావాలి. మీ భార్య స్టాంపింగ్ సంగతి మాత్రం ముందే తేల్చుకోవాలి. కెనడా, మెక్సికోలకు 30 రోజుల లోపు వెళ్ళివస్తే గడువు తీరిన పాత స్టాంపుతో తిరిగి రావడానికి వెసులుబాటు ఉంది, జర్మనీకి లేదు. 2025 సెప్టెంబరు నుంచి ఈ వీసాలకు సొంత దేశంలో గాని, నివాసమున్న దేశంలో గాని మాత్రమే దరఖాస్తు చేయమంటున్నారు కనుక, యూరప్‌లో ఎక్కడో ఆగి పని ముగించుకుందామన్నా కుదరకపోవచ్చు. ఎలాగూ తల్లిదండ్రులను చూడటానికి ఇండియా వెళ్తారు కాబట్టి మ్యూనిక్‌ను ఆ దారిలో మజిలీగా పెట్టుకోండి. హైదరాబాద్ కాన్సులేట్‌లో ఆమెకు అపాయింట్‌మెంట్ తేదీ ఖరారయ్యాకే మ్యూనిక్ టికెట్లు కొనండి.