వర్చువల్ డైరెక్టరీ ఉంటే ఐడెంటిటీ మేనేజ్‌మెంట్ ఫ్రేమ్‌వర్క్ అక్కర్లేదా?

అనంతపురంలో మీ కాలేజీకి వర్చువల్ డైరెక్టరీ తీసుకోవాలా, ఐడెంటిటీ మేనేజ్‌మెంట్ ఫ్రేమ్‌వర్క్ తీసుకోవాలా అని అడిగారు. మొదటిది వేరువేరు సిస్టమ్‌లలో ఉన్న మనుషుల వివరాలను ఒకేచోట చూపిస్తుంది, రెండోది ఆ సిస్టమ్‌లలో ఖాతాలు తెరవడం, మార్చడం, మూయడం చూసుకుంటుంది. ముందు ఒకటి చెప్తాను, ఒకదాని పని ఇంకొకటి చేయదు. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒరాకిల్ 2005లో థోర్ అనే కంపెనీనీ కొన్నది, ఆక్టెట్‌స్ట్రింగ్ అనే కంపెనీనీ కొన్నది. థోర్ సాఫ్ట్‌వేర్ ఒరాకిల్ ఐడెంటిటీ మేనేజర్ అయింది, ఆక్టెట్‌స్ట్రింగ్‌ది ఒరాకిల్ వర్చువల్ డైరెక్టరీ అయింది. ఒకటి చాలితే రెండోదానికి డబ్బులెందుకు పోస్తారు?

నేను కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సిస్టమ్స్ చూసేవాణ్ని. అక్కడికి ఒక కంపెనీ కుర్రాడు వర్చువల్ డైరెక్టరీ డెమో ఇవ్వడానికి వచ్చాడు. కంప్యూటర్ లాగిన్‌లు ఉండే యాక్టివ్ డైరెక్టరీ, జీతాల డేటాబేస్, ల్యాబ్ సాఫ్ట్‌వేర్, అన్నీ ఎల్‌డ్యాప్ అనే డైరెక్టరీ పద్ధతిలో ఒకే చెట్టులా కనిపించాయి. దేన్నీ కాపీ చేయలేదు, అడిగినప్పుడల్లా అసలు చోటికే వెళ్లి తెచ్చింది. అందరూ బాగుందన్నారు. అప్పుడు మా ఎండీగారు "మద్దిలేటి అని కొట్టు బాబూ" అన్నారు.

బేతంచెర్ల దగ్గరి మద్దిలేటి స్వామి పేరు మా వైపు ఎంతమందికి ఉంటుందో మీకు తెలిసిందే. స్క్రీన్ నిండిపోయింది. జీతాల లిస్టులో ఇంగ్లీషు స్పెల్లింగ్ ఒకటి, ల్యాబ్‌లో ఇంకొకటి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. ఎవరు ఎవరో తేల్చడానికి ల్యాబ్‌లో ఎంప్లాయీ నంబరే లేదు, ఫోన్ నంబరు మాత్రం ఉంది. పైగా వాళ్లలో ఒకతను ఉగాదికి ముందే మానేసి బెంగళూరు వెళ్లిపోయిన టెక్నీషియన్.

"ఇతను లేడు కదయ్యా?"

"మీ ల్యాబ్‌లో యాక్టివ్‌గానే ఉన్నాడు సార్. ఉన్నదే మేం చూపిస్తాం."

కుర్రాడు చెప్పింది నిజమే. మనిషి మానేయగానే అన్ని చోట్లా ఖాతా మూయించడం మిడ్‌పాయింట్, అపాచీ సింకోప్ లాంటి ఐడెంటిటీ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ల పని. ఈ రెండూ ఓపెన్ సోర్సే, అంటే కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. అవి ప్రతి సిస్టమ్‌లోకీ రాస్తాయి, తేడా వస్తే పట్టుకుంటాయి. కానీ వాటికి కూడా ఎవరో ఒకరు కబురు చెప్పాలి కదా! మా హెచ్‌ఆర్ వాళ్లు రాజీనామా అందిన రోజే జీతం ఆపేసేవారు, లాగిన్ సంగతి మాత్రం మాకు చెప్పేవారు కాదు. ఏ సంస్థలో చూసినా ఇదే తంతు.

వర్చువల్ డైరెక్టరీతో ఇంకో తలనొప్పి ఉంది. కాష్ (తెచ్చిన వివరాల తాత్కాలిక కాపీ) పెట్టుకోకపోతే, వెనకున్న డేటాబేస్ నెమ్మదిస్తే లాగిన్ కూడా నెమ్మదిస్తుంది. ఉదయం ఓపీ రద్దీలో ఆ టెన్షన్ ఎవరు పడతారు? డేటా సొంతదారులు కాపీ ఇచ్చేది లేదని మొండికేసినప్పుడు, రెండు సంస్థలు కలిసినప్పుడు మాత్రం దాన్ని మించింది లేదు.

మీ కాలేజీలో ఏటా ఒక బ్యాచ్ వెళ్తుంది, ఇంకోటి వస్తుంది. ఖాతాలు తెరవడం, మూయడమే మీకు పెద్ద పని, అందుకే నా ఓటు ఐడెంటిటీ మేనేజ్‌మెంట్‌కే. దానికంటే ముందు ఫీజుల సాఫ్ట్‌వేర్‌లో, లైబ్రరీలో, హాస్టల్లో ఒకే రోల్ నంబరు పడేలా చూసుకోండి. హాస్టల్ వాళ్లను ఒప్పించడం మాత్రం మీ తిప్పలు.