జ్ఞానదంతం తీయించాక పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందా? మెత్తగా ఉంటూ బలమిచ్చేది ఏం తినాలి?

పప్పు తినండి, గుడ్డు తినండి, పెరుగు తినండి. ఎలా తినాలన్నదే కాస్త జాగ్రత్తగా చూసుకోవాలి.

మీరు రాసింది ఇదీ: రెండు రోజుల క్రితం కింది జ్ఞానదంతం తీశారు, దవడ వాచింది, నోరు సరిగ్గా తెరుచుకోవడం లేదు. పప్పు, గుడ్డు పెడితే చీము పడుతుందని, పెరుగు పెడితే వాపు పెరుగుతుందని అమ్మగారు పాలు-బ్రెడ్డు, గంజితోనే సరిపెడుతున్నారు. నీరసంగా ఉంది. సోమవారం నుంచి పైడిభీమవరంలో డ్యూటీకి వెళ్ళాలి, క్యారేజీలో ఏం పట్టుకెళ్ళాలో తెలియడం లేదు.

మాది విజయనగరం. నాకు కిందటి వేసవిలో ఇదే పన్ను తీశారు. లోపల అడ్డంగా పడుకుని ఉండటంతో చిగురు కోసి, పన్నుని ముక్కలు చేసి తీయాల్సి వచ్చింది. మన ఇళ్ళల్లో పురుడైనా, ఆపరేషనైనా, పన్ను తీసినా ముందు వినపడే మాట పథ్యమే కదా. మా అత్తగారు కూడా కారం లేని చారన్నం తప్ప ఏమీ పెట్టనన్నారు. ఆవిడకి నా మీద ప్రేమ ఉండబట్టే ఆ భయం. అందుకే వాదించకుండా, డాక్టరు గారి దగ్గరికి మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు ఆవిణ్ణి వెంట తీసుకెళ్ళాను. నేను ఎంత చెప్పినా వినని మాట, డాక్టరు గారు ఎదురుగా కూర్చోబెట్టి చెప్తే ఒక్కసారికే విన్నారు. మీరూ అమ్మగారిని అలాగే తీసుకెళ్ళండి.

అక్కడ తెలిసింది చెప్తాను. చీము పట్టేది గాయంలో సూక్ష్మక్రిములు చేరి పెరిగితేనే. పప్పుకీ గుడ్డుకీ దాంతో సంబంధం లేదు. పన్ను తీసిన గుంటలో ముందు రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఆధారంగానే కొత్త కండ, ఆ తర్వాత నెమ్మదిగా ఎముక తయారవుతాయి. దానికి శరీరానికి ప్రొటీన్ కావాలి, మీకు ఇప్పుడు అందనిది అదే. వాపు కూడా పెరుగు వల్ల రాదు. మామూలుగానే రెండో రోజుకో మూడో రోజుకో బాగా పెరిగి, ఆ తర్వాత తగ్గుతూ వస్తుంది. అదే సమయంలో పెరుగు తిన్నాం కాబట్టి పెరుగు మీదకి పోతుంది నింద.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి రోజుకి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అంటే 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. గ్లాసుడు పాలల్లో ఉండేది 6, 7 గ్రాములే, గంజిలో దాదాపు ఏమీ ఉండదు. అదే రెండు గుడ్లకి 12 గ్రాములు, 50 గ్రాముల పెసరపప్పుకి 12 గ్రాములు, పాలు పెరుగు కలిపి అర లీటరుకి 16 గ్రాములు. అన్నం, చోళ్ళు (రాగులు), జీడిపప్పు కలుపుకుంటే నమలకుండానే 50 దగ్గరికి వచ్చేస్తారు. ఈ లెక్క కాగితం మీద రాసి అమ్మగారికి చూపించండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడక్కుండా ప్రొటీన్ పెంచకూడదు.

ఇప్పుడు వంట సంగతి. మన వైపు వాళ్ళకి ఈ విషయంలో పెద్ద వరం చోడి అంబలి. చోడిపిండి రాత్రే నీళ్ళలో కలిపి ఉంచి, పొద్దున్న నూకలు బాగా మెత్తగా ఉడికాక అందులో పోసి, ఉండ కట్టకుండా తిప్పుతూ కాచి, చల్లారాక మజ్జిగ కలుపుకోవాలి. మొదటి రోజుల్లో నూకలు పలుకు తగలకుండా ఒకసారి మిక్సీలో తిప్పేయండి. 100 గ్రాముల చోళ్ళలో దాదాపు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. నంజుకునే ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ మాత్రం ఇప్పుడు వద్దు. నొప్పి మాత్ర ఖాళీ కడుపున వేసుకుంటే కడుపులో మంట వస్తుంది కాబట్టి నేను పొద్దున్నే అంబలి తాగి, తర్వాతే మాత్ర వేసుకునేదాన్ని.

పెసరపప్పుని ఆనపకాయ ముక్కలు, పసుపు, ఉప్పుతో కుక్కర్లో ఇంకో రెండు విజిల్స్ ఎక్కువ రానిచ్చి బాగా ఎనిపెయ్యండి. తాలింపు మానేస్తే మన నోటికి పప్పు దిగదు, వేస్తే ఆవాలు వెళ్ళి గుంటలో కూర్చుంటాయి. దానికి మా ఇంట్లో చేసింది ఇదీ: నేతిలో జీలకర్ర, ఇంగువ వేగనిచ్చి, గరిటెలోంచి టీ వడకట్టులో పోసి, ఆ నెయ్యి మాత్రమే పప్పులో కలిపేవాళ్ళం. వాసన ఉంటుంది, గింజ ఉండదు. అదే పప్పులో ఒక రోజు గుమ్మడికాయ, ఒక రోజు బీరకాయ, ఒక రోజు క్యారెట్ వేసుకోండి. ఆకుకూర పీచు కుట్లకి చుట్టుకుంటుంది, వేస్తే మిక్సీ పట్టాలి. ఇడ్లీని ఈ పప్పుకట్టులో నానబెట్టి చిన్న చెంచాతో తినొచ్చు. నోరు రెండు వేళ్ళు కూడా పట్టనంత బిగుసుకున్నప్పుడు టీస్పూనే దిక్కు.

గుడ్డుని నేతిలో సన్నని మంట మీద, కారం లేకుండా, తడి ఆరకముందే దింపేయండి. అట్టులా ఎర్రగా కాలిస్తే అంచులు గట్టిపడి గుచ్చుకుంటాయి. గుడ్డు తినని ఇంట్లోనైతే పనీరు చిదిపి పెరుగులో కలపొచ్చు. పలాస జీడిపప్పు అందరికీ అందుబాటులోదే. గుప్పెడు నానబెట్టి, వెన్నలా రుబ్బి, గోరువెచ్చని పాలల్లో కలిపితే బ్రెడ్డు కంటే ఎంతో నయం. పళ్ళల్లో అరటిపండు, బొప్పాయి, సపోటా గుజ్జు, తియ్యని మామిడి గుజ్జు, దొరికే కాలమైతే లేత ముంజలు. పుల్లనివి మంట పుట్టిస్తాయి.

చేప సంగతి చాలామంది అడుగుతారు. మొదటి నాలుగైదు రోజులూ వద్దు. తర్వాత కోనెం లాంటి పెద్ద చేప ముక్క, మధ్యముల్లు తీసేసి, పసుపు ఉప్పుతో ఉడికించి చిదిపి తినొచ్చు. పులుసు కారం తగ్గాక చూద్దురు గాని. ముళ్ళు ఎక్కువ ఉండే చిన్న చేపలు నెల దాకా ముట్టుకోకండి.

వద్దన్నవి కూడా చెప్తాను, ఎందుకంటే కొన్ని చూడటానికి మెత్తగానే ఉంటాయి. సబ్జా గింజల నీళ్ళు చల్లదనమని ఇస్తారు, ఆ గింజ గుంటలో ఇరుక్కుంటే రాదు. ఉప్మా రవ్వదీ అదే గొడవ. జామపండు, నువ్వులు, అటుకులు, జంతికలు వద్దు. ఆవపెట్టిన పనసపొట్టు కూర మన వైపు పెళ్ళిళ్ళలో ప్రాణమే గాని ఆ ఘాటు పచ్చిపుండుకి పడదు. వేడి టీ, వేడి చారు మొదటి రోజు అసలు కూడదు, తర్వాత కూడా గోరువెచ్చగానే.

అన్నిటికన్నా ముఖ్యం స్ట్రా. కొబ్బరిబొండం కొంటే స్ట్రా పెట్టకుండా గ్లాసులోకి వంపించుకోండి. పీల్చినా, గట్టిగా ఉమ్మినా, పొగ తాగినా ఆ రక్తపు గడ్డ ఊడిపోయే ప్రమాదం ఉంది. అది ఊడితే లోపలి ఎముక బయటపడి, డ్రై సాకెట్ అనే భరించలేని నొప్పి వస్తుంది. మన తీరప్రాంతంలో అడ్డచుట్ట (నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని తాగే చుట్ట) తాగే ముసలమ్మలు ఇంకా ఉన్నారు. ఇంట్లో అలాంటి పెద్దావిడకి పన్ను తీయిస్తే తిండి కంటే ముందు ఆ చుట్ట దాచేయండి, దయచేసి.

మొదటి 24 గంటలు దాటాక, తిన్న ప్రతిసారీ గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళల్లో అర టీస్పూను ఉప్పు కలిపి నోట్లో మెల్లగా తిప్పి, ఉమ్మకుండా నోరు వంచి జారనివ్వండి. లవంగనూనె దూది, పసుపు ముద్ద సొంతంగా గుంటలో పెట్టొద్దు. మెట్రోనిడజోల్ మాత్ర రాసి ఉంటే ఏం తిన్నా నాలుక మీద ఇనుము రుచి తగులుతుంది, అది మందు వల్ల. తిండి మానకండి, మందు కోర్సూ మధ్యలో ఆపకండి. ఆ మాత్రలున్నన్నాళ్ళూ కల్లు, మద్యం జోలికి వెళ్ళొద్దు.

తగ్గాల్సిన నొప్పి మూడో నాలుగో రోజున ఒక్కసారిగా పెరిగి చెవి దాకా లాగుతున్నా, నోట్లో దుర్వాసన వస్తున్నా, జ్వరం వచ్చినా, మూడు రోజులు దాటాక వాపు ఇంకా పెరుగుతున్నా వెంటనే డాక్టర్ని కలవండి. మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే రాత్రయినా ఆగొద్దు.

ఇక సోమవారం క్యారేజీ. కింది గిన్నెలో మెత్తగా ఎనిపిన పెసరపప్పన్నం, నేతితో కాస్త జారుగా కలిపి పెట్టించుకోండి, మధ్యాహ్నానికి గట్టిపడుతుంది కాబట్టి. పై గిన్నెలో తియ్యటి పెరుగు. ఫ్లాస్కులో మజ్జిగ కలిపిన అంబలి పలచగా పోసుకుంటే మధ్యమధ్యలో తాగొచ్చు, ఒక అరటిపండు సంచిలో వేసుకోండి. చిన్న సీసాలో ఉప్పునీళ్ళు మర్చిపోకండి. క్యాంటీన్ కూర కుట్లు విప్పేదాకా వద్దు. సాధారణంగా వారానికి విప్పుతారు, కరిగిపోయే కుట్లయితే విప్పే పని ఉండదు. ఆ తర్వాత రెండోవైపు నములుతూ మెత్తటి అన్నం, తోప (ఉడికించిన పిండి ముద్ద), నానిన చపాతీ వరసగా మొదలుపెట్టొచ్చు.