పొలం కొనకముందు

చిరంజీవి మేనకోడలికి,

అమ్మడూ, మీ ఐదు కుటుంబాలు ఉద్యోగాలు తగ్గించుకుని, హిందూపురం వైపు పదిహేను ఎకరాలు కొని అక్కడే సేద్యం చేసుకుంటూ బతకాలనుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. అడ్వాన్సు ఇచ్చేలోపు ఈ ఉత్తరం అందరూ కూర్చుని చదవండి.

పొలం ఎవరి పేరు మీద ఉండబోతోంది? తలా మూడెకరాలు రాయించుకుంటే, ఏదో ఒకనాడు ఒకరు తమ వాటా వెంచర్‌వాళ్లకి అమ్మేస్తారు, మీ చేల మధ్య ప్లాట్ల రాళ్లు లేస్తాయి. ఒక్కరి పేరునే పెడితే రేపు వారసులతో తగువు. 1995 చట్టం కింద మ్యాక్స్ సంఘం, అంటే పరస్పర సహాయ సహకార సంఘం, పెడదామంటే వేర్వేరు కుటుంబాల నుంచి కనీసం పదిమంది కావాలి. ట్రస్టుకి రాసేస్తే పెట్టిన డబ్బు మళ్లీ చేతికి రాదనుకోండి. మంచి లాయరు దగ్గర తేల్చుకోండి. అసైన్డ్ భూమైతే, అంటే ప్రభుత్వం పేదలకి పంచిన భూమైతే, ఆయన సరేననే దాకా రూపాయి కూడా ఇవ్వొద్దు.

అంతకన్నా ముఖ్యం, వెళ్లిపోయేవాళ్ల సంగతి. ఒకరికి పిల్లల చదువు, ఇంకొకరికి అత్తగారి అనారోగ్యం, ఎవరో ఒకరు వెళ్తారు. వాళ్లకి ఎంత తిరిగివ్వాలి, ఎన్నేళ్లలో, కట్టుకున్న ఇల్లు ఎవరికి? అందరూ నవ్వుతూ ఉన్నప్పుడే ఇది రాసి సంతకాలు పెట్టండి. మనసులు విరిగాక ఏ మాటా న్యాయంగా వినిపించదు.

పని పంపకం కూడా ఇప్పుడే. చేనుకి ఎరువుగా పోసే జీవామృతానికి 200 లీటర్ల డ్రమ్ములో పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి వేసి పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పాలి. అందుకు ఆవు కావాలి, ఆవుకి ఆదివారం లేదు. మీలో ఇద్దరు లాప్‌టాప్ ముందు కూర్చుని జీతం తెస్తారు, మిగతావాళ్లు పేడ ఎత్తుతారు. ఎవరి కష్టం ఎంతో ముందే మాట్లాడుకోకపోతే గొడవ అక్కడే మొదలవుతుంది.

నీళ్లు మే నెలలో చూడండి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వానే 550 మిల్లీమీటర్ల చిల్లర. వరి మాటెత్తకండి. కొర్ర, సజ్జ, కంది, ఆముదం కలిపి వేయండి.

చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే సంస్థని చూసి రండి. 1990లో బబ్లూ గంగూలీ, మేరీ, వాళ్ల మిత్రులు 32 ఎకరాల బీడుతో మొదలుపెట్టారు. నిప్పు పడకుండా, పశువులు మేయకుండా కాపాడితే చెట్లు వాటంతటవే లేచాయి. చుట్టుపక్కల ఊళ్ల మహిళలతో పొదుపు సంఘాలు, రైతులతో సేంద్రియ సంఘాలు నడిపారు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. మీరూ ఊరి బండిబాటకి కంచె వేయకండి, కూలి ఊరి రేటుకి తక్కువ ఇవ్వకండి.

ఈ జూన్ నుంచి ఒక ఏడాది ఐదెకరాలు కౌలుకి తీసుకుని కలిసి ఉండండి. ఆ తర్వాత కూడా కొనాలనే ఉంటే ఫోన్ చెయ్యి. ఈసీ, అడంగల్, వన్‌-బి లాంటి భూమి కాగితాలు నేనే వచ్చి చూస్తాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య